నాచు కలిపిన నల్లబొగ్గు

తెలుగు నేలపై ఇబ్రహీంపట్నము అను పేరుగల ఊళ్ళు ఒకటికంటె ఎక్కువ కలవు. నేటి ప్రసంగమునకు రెండు చాలును. మొదటిది రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు బాటపై నున్నది. గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరే ఆ యూరికి నిలిచినదనియు, ఆయన పాలించిన 1550, 1580 సంవత్సరముల నడుమనే అచ్చటి పెద్ద చెఱువు ఏర్పడినదనియు చెప్పుదురు. నిండిన యేట ఆ చెఱువు వేయి ఎకరములకు మించి పఱచుకొనును. రెండవ ఇబ్రహీంపట్నము విజయవాడ చెంత, కృష్ణయొడ్డున నున్నది. అచ్చటి తాపవిద్యుత్కేంద్రమున మొదటి యంత్రము 1979 లో తిరుగుట ఆరంభించెను. నేడు దానికి నార్ల తాతారావుగారి పేరు పెట్టియున్నారు. సింగరేణినుండియు, ఒడిశా గనులనుండియు రైలుబండ్లపై బొగ్గు వచ్చి అచ్చట పొడియై, మంటయై, తీగెలవెంట ప్రవహించు శక్తి యగుచున్నది. మిగిలిన బూడిద చెఱువులవంటి మడుగులలో పేరుకొనుచున్నది. పొగ గాలిలో కలియుచున్నది.

ఒక యూర చెఱువునీరు పచ్చబడి నాచు పుట్టును. ఇంకొక యూర బొగ్గు కాలును. ఈ రెండింటిని కలిపినయెడల పొగలోని చెడుగు తగ్గునని కొందఱు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ మాట ఎంతవఱకు నిలుచునో, ఎచ్చట తడబడునో శ్రోతలకు విన్నవించుటయే నా పని.

నాచు అనగానే చెఱువుమెట్లపై కాలు జాఱునట్లు చేయు పాచియు, నీటిలో జుట్టువలె వ్రేలాడు పచ్చని పోగులును మనకు తోచును. గుఱ్ఱపుడెక్కను కూడ కొందఱు నాచులోనే చేర్చుదురు, కాని అది వేరులు, ఆకులు గల మొక్క. ఇచ్చట చెప్పునది వీని కన్నిటికంటె చిన్నది. దీనిని సూక్ష్మ శైవలమందురు. క్లోరెల్లా అను జాతి చూచినచో ఒక్కొక్క జీవి ఒకే కణము. అట్టివి పదింటిని వరుసగ పేర్చినను తలవెండ్రుక మందమును మించుట అరుదు. స్పిరులినా అను మఱియొక జాతి మెలిదిరిగిన సన్నని తీగెవలె నుండును. మందుల అంగళ్ళలో బిళ్ళలుగ అమ్ముచున్నది దీనినే. విడివిడిగ కంటికి కానరావుగాని, కోట్లసంఖ్యలో చేరినపుడు నీరు కూరాకు రసమువలె పచ్చబడును.

ఈ జీవులకు వలసినవి ఎండ, నీరు, బొగ్గుపులుసు వాయువు, నత్రజని, భాస్వరము, మఱికొన్ని లవణములు. ఎండిన నాచు ఒక కిలో తయారగుటకు ఇంచుమించు 1.8 కిలోల బొగ్గుపులుసు వాయువు ఖర్చగును. పంటచేను నెలల తరబడి పెరుగును. నాచు అనుకూలమైన స్థితిలో ఒక్కదినముననే రెట్టింపగును. పంటకు పనికిరాని చవుడు నేలపై మడుగులు కట్టియు దీనిని పెంచవచ్చును. ఆశ పుట్టించినవి ఈ గుణములే.

బొగ్గుతో దీనిని కలుపు పనిని దీక్షగ సాగించినవారు దక్షిణాఫ్రికాలోని నెల్సన్ మండేలా విశ్వవిద్యాలయమువారు. ఆ దేశమున గనులనుండి బొగ్గు తీసి కడుగునపుడు మిక్కిలి సన్నని నుసి కుప్పలుకుప్పలుగ మిగులును. దానిని కాల్చుట కష్టము, మోయుట కష్టము. గాలికి లేచి ఊళ్ళమీద పడును, వానకు కొట్టుకొనిపోయి వాగులలో చేరును. ఆచార్య బెన్ జీలీ నాయకత్వమున అచ్చటివారు ఈ నుసిని నాచుపెంచిన నీటిలో కలిపి చూచిరి. నాచుకణములు నుసిరేణువులను అంటుకొని, రెండును కూడి అడుగునకు దిగెను. ఆ ముద్దను పిండి, అచ్చువేసి, ఆఱబెట్టగా గట్టియైన బొగ్గుబిళ్ళలు తయారయ్యెను. కోల్ అనగా బొగ్గు, ఆల్గే అనగా నాచు. రెండుమాటలకు సంధిచేసి దానికి కోల్గే అని పేరు పెట్టిరి. సంధి బాగుగనే కుదిరినది. మిశ్రమములో బొగ్గుపాలే హెచ్చు, నాచుపాలు స్వల్పము.

ఈ ఉపాయము మన పెద్దవారికి పూర్తిగా క్రొత్తదికాదు. గ్యాసుపొయ్యిలు రాకపూర్వము కుంపటి వాడిన ఇండ్లలో, బస్తా అడుగున మిగిలిన బొగ్గుపొడిని పారవేయక, పేడతో కలిపి ఉండలుచేసి గోడవార ఎండబెట్టుచుండిరి. పొడిని పట్టియుంచుట పేడ చేయుపని. అదికూడ తానే కాలుట దానివలన లాభము. నాచు చేయుపనియు అదియే. అయితే ఇల్లాలు తన యుండ ఎంత పొగచేయునో కొలుచుటకు పనిముట్లు లేకుండెను. ఇప్పుడు కలవు గనుక కొలిచి చూడవలసియున్నది.

ఇక మంటలోనికి పోవుదము. బొగ్గుతునక వేడెక్కినపుడు మొదట దానిలోని ఆవిరివంటి మండు వాయువులు వెలువడి అంటుకొనును. పిమ్మట మిగిలిన గట్టి కర్బనము నెమ్మదిగ కాలును. బొగ్గులో అట్టి వాయుభాగము తక్కువ, గట్టిభాగము ఎక్కువ. ఎండిన నాచులో మాఱుగ నూటికి డెబ్బదిపాళ్ళకు పైగా వాయురూపమున లేచిపోవును. కావున నాచు తక్కువ వేడికే అంటుకొని, తన మంటతో ప్రక్కనున్న బొగ్గునుకూడ వేగముగ రగిలించును. ఆకు, అలము వేసి కట్టెను రాజవేయుట ఎఱుగని వారెవరు? ఫలితముగ బొగ్గు సగముకాలి బూడిదలో మిగులుట తగ్గును. సగము మంటలో పుట్టు కర్బన మోనాక్సైడ్ అను విషవాయువును, మసియు తగ్గును. ఈ లాభము ప్రయోగశాలలలో కనబడినది, నమ్మదగినది. మన బొగ్గులో బూడిదపాలు నూటికి ముప్పదినుండి నలువదియైదు వఱకు నుండును గనుక, మంచినీటి నాచు కలిపినపుడు మొత్తము బూడిదయు కొంచెము తగ్గును. ఉప్పునీటి నాచు సంగతి వేఱు. దానిలోని సోడియము, క్లోరిన్ బాయిలరు గొట్టములపై పొఱగ కట్టి లోహమును తినివేయును. కడుపు మండించుకొని ఇల్లు వెలిగించుకొన్నట్లగును.

గంధకము మాటకు వత్తము. గంధకము కాలినపుడు పుట్టు వాయువు ఊపిరిని బాధించును, వానలో కలిసి ఆమ్లమగును. నాచు బూడిదలోని సున్నపు, క్షారలవణములు ఈ వాయువును కొంతవఱకు పట్టి బూడిదలోనే నిలుపగలవు. ఇతరదేశముల వ్యాసములలో ఈ గుణమును గొప్పగ చెప్పుదురు. కాని మన గనుల బొగ్గులో గంధకము మొదటినుండియు తక్కువ; తఱచు నూటికి అరపాలే. నాచు మాంసకృత్తులలోను గంధకము ఇంచుమించు అంతే యుండును. అందుచేత అస్సాము, మేఘాలయముల గంధకపు బొగ్గునకు ఈ కలయికవలన కలుగు మేలు సింగరేణి బొగ్గునకు అంతగా కలుగదు. పరదేశపు లెక్కను మన పొగగొట్టమునకు తగిలించుకొనరాదు.

నత్రజని విషయమున మఱింత జాగ్రత్త వలయును. నేను చదివిన పొగడ్తలలో పెక్కింట ఈ భాగమునే త్వరగా దాటివేసిరి.

మాంసకృత్తులలో నూటికి పదునాఱు పాళ్ళు నత్రజని. స్పిరులినాలో అఱువదిపాళ్ళ వఱకు మాంసకృత్తులే. అనగా ఎండిన స్పిరులినాలో నత్రజని ఇంచుమించు పదింట ఒకవంతు. బొగ్గులో నత్రజని నూటికి ఒకటి రెండుపాళ్ళు మాత్రమే. ఒకటిన్నరపాలు నత్రజనిగల బొగ్గులో తొమ్మిదిపాళ్ళు నత్రజనిగల నాచును నూటికి ఐదుపాళ్ళు కలిపిన, ఆ మిశ్రమములో నత్రజని నాలుగవవంతు పెరుగును. బొగ్గుపొయ్యిలో నత్రజని ఆక్సైడులు రెండుదారుల పుట్టును: మిక్కిలి హెచ్చు వేడిమిలో గాలిలోని నత్రజని కాలుట ఒకటి, ఇంధనములోని నత్రజని కాలుట రెండవది. బొగ్గుమంటలో హెచ్చుభాగము రెండవదారినే వచ్చును. ఈ ఆక్సైడులే ఎండలో మాఱి, నగరములపై గోధుమరంగు మబ్బుగ కనబడు పొగమంచునకు కారణములగును. పొగ తగ్గించుటకై కలిపిన వస్తువు పొగలో ఒక విషమును పెంచుట సంభవమే.

దీనికి ప్రత్యుత్తరము లేకపోలేదు. నాచు వేడెక్కినపుడు దాని నత్రజనిలో చాలభాగము అమోనియాగ వెలువడును. గాలి తక్కువగనున్న చోట అమోనియా నత్రజని ఆక్సైడులను విఱిచి నిరపాయమైన నత్రజనిగ మార్చును. కావున పొయ్యిలోనికి గాలిని ఒకేమాఱు వదలక, మొదట కొంత, పైన కొంత విడిచినచో నష్టము లాభముగ తిరుగవచ్చును. గాలి నిర్లక్ష్యముగ వదలినచో నష్టమే. ప్రయోగఫలితములు ఒకచోట తగ్గినట్లు, ఇంకొకచోట పెరిగినట్లు కనబడుటకు ఇది ముఖ్యకారణము. మఱియొక ఉపాయము పెంపకములోనే కలదు. కోతకు ముందు కొన్నిదినములు నాచుకు నత్రజని అందకుండ చేసిన, అది మాంసకృత్తులు కూర్చుట మాని పిండిపదార్థమును, నూనెను నిల్వచేసికొనును. అట్టి నాచు మంటకు మేలు. కాని ఆ దినములలో దాని పెరుగుదల మందగించును.

రైతుసోదరులకు ఇందులో ఇంకొక లెక్క తోచును. నూటికి ఎనిమిదిపాళ్ళు నత్రజనిగల నాచు ఒక టన్ను కావలెనన్న 80 కిలోల నత్రజని వేయవలయును. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు. అనగా 174 కిలోల యూరియా. 45 కిలోల సంచులు నాలుగింటికి కొంచెము తక్కువ. యూరియాకొఱకు వరుసలో నిలువబడిన మనిషికి, ఆ నాలుగుసంచులను నాచుద్వారా పొయ్యిలో వేయుదుమని చెప్పుట ఎట్లు? అందుచేత ఎరువు కొని నాచు పెంచి కాల్చుట అను ఆలోచనను ఆదిలోనే విడువవలయునని నా యభిప్రాయము. మురుగునీటిలో ఊరకయే దొరకు నత్రజనితో పెంచినచోనే ఈ ప్రస్తావనకు అర్థము కలుగును.

బొగ్గుపులుసు వాయువు లెక్కలోను ఒక మెలిక కలదు. నాచు గాలిలోనుండి తీసికొనినదే కాలునపుడు తిరిగి గాలిలోనికి పోవును గనుక ఆ మేరకు క్రొత్తభారము లేదు, ఇది సత్యమే. కాని విద్యుత్కేంద్రపు పొగనే మడుగులలోనికి పంపి నాచు పెంచినయెడల, ఆ కర్బనము బొగ్గునుండి వచ్చినదే. దానిని రెండవమాఱు కాల్చుచున్నారు. ఒక రూపాయిని రెండుమాఱులు వాడుకొనుట పొదుపే యగును, ఆ రూపాయి అసలు ఖర్చేకాలేదనుట మాత్రము కాదు. పొగ పీల్చిన కర్బనమును ఒకమాఱు, కాలినది నాచు అని ఇంకొకమాఱు పుణ్యము వ్రాసికొనువారిని మనము గుర్తించవలయును.

ఇప్పుడు అన్నిటికంటె పెద్దచిక్కు: నీరు. పచ్చగ కనబడు మడుగునీటిలో లీటరునకు అరగ్రాము నాచు ఉన్న మంచిపంటయే. అనగా కిలో నాచుకు 2,000 లీటర్ల నీరు వడగట్టవలయును. తేరబెట్టి అడుగుముద్ద తీసినను అందు నూటికి మూడుపాళ్ళు నాచు, తక్కినది నీరు. కిలో నాచువెంట 32 లీటర్ల నీరు. లీటరు నీటిని వేడిచేసి ఆవిరిచేయుటకు 600 కిలోకేలరీలు పట్టును. కిలోకేలరీ అనగా లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించు వేడిమి. అంతనీరు ఆవిరిచేయుటకు 19,000 కిలోకేలరీలు వలయును. ఎండిన కిలో నాచు కాలి ఇచ్చునది సుమారు 5,000. పప్పుకంటె వండు కట్టెలకే నాలుగంతలు ఖర్చు. గిరగిర తిప్పు యంత్రములతో నీటిని విడదీసి ఐదింట ఒకపాలు నాచుగ చిక్కబఱచినను, మిగిలిన నాలుగు లీటర్ల నీటికి 2,400 కిలోకేలరీలు పోవును. ఆ యంత్రములను తిప్పిన విద్యుత్తు వేఱు.

ఎండిన నాచు మన దేశపు బొగ్గుకంటె బలమైన ఇంధనమే. విద్యుత్కేంద్రములకు వచ్చు బొగ్గు కిలోకు 3,500, 4,000 కిలోకేలరీలు మాత్రమే ఇచ్చును. తడియే దాని శత్రువు. దక్షిణాఫ్రికావారు నుసిని కలుపుటలోని తెలివి ఇచ్చటనే తెలియును: నుసియే నాచును అడుగునకు దించి, యంత్రముల ఖర్చు తగ్గించినది. ఆపై తెలంగాణపు ఎండ యున్నది. మాఘమునుండి వైశాఖము వఱకు జొన్నలెండు కల్లములమీద పలుచగ పఱచిన ముద్ద వెల లేకుండ ఎండును. వానకాలమున అది సాగదు. అప్పటికి మడుగునిండ పెరిగిన నాచును ఏమిచేయుదురో ముందుగనే నిశ్చయించుకొనవలయును. తడిముద్ద రెండుదినములలో కుళ్ళి వాసనవేయును.

స్థలమెంత కావలయునో చూతము. 500 మెగావాట్ల యంత్రము నిండుగ తిరిగిన దినమునకు సుమారు 8,000 టన్నుల బొగ్గు మ్రింగును. నూటికి ఐదుపాళ్ళు నాచు అనిన దినమునకు 400 టన్నులు. చదరపుమీటరునకు దినమునకు 15 గ్రాములచొప్పున పండు మడుగు, ఎకరమునకు 60 కిలోల నాచు ఇచ్చును. ఆ ఒక్క యంత్రమునకే 6,600 ఎకరముల మడుగులు కావలయును. ప్రసంగము మొదట చెప్పిన ఇబ్రహీంపట్నపు చెఱువువంటివి ఐదాఱు కలిపినను చాలునో చాలదో. వేసవిలో అంత నీటిపరపునుండి దినమునకు సెంటీమీటరునకు సమీపముగ నీరు ఆవిరియగును. త్రాగునీటికి బోర్లు త్రవ్వుకొను ప్రాంతమున ఈ మాట ఎత్తుటకే సాహసము కావలయును.

అంతమాత్రమున మన విద్యుత్కేంద్రములు బొగ్గుతో వేఱొక వస్తువును కలుపరాదని కాదు. ఢిల్లీ సమీపమున దాద్రీ కేంద్రమున 2017 లోనే పంటచెత్త గుళికలను బొగ్గుతో కలిపి కాల్చి చూచిరి. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ బొగ్గు కేంద్రములు నూటికి ఐదుపాళ్ళు అట్టి గుళికలు వాడవలయునని విధించెను. తెలంగాణలో పత్తిచేలు విస్తారము. పత్తి ఏరిన పిదప చేలలో నిలిచిన కట్టెను చాలమంది అక్కడనే తగులబెట్టుదురు. అది తానుగ ఎండినది, దానికి మడుగు వలదు, నీరు వడగట్ట వలదు, దానిలో నత్రజని తక్కువ. పెద్ద బాయిలరు వాకిట నాచును, పత్తికట్టెను ప్రక్కప్రక్క నిలిపిన నేను పత్తికట్టెనే లోపలికి పిలుతును.

అట్లయిన నాచునకు చోటెక్కడ? పట్టణముల మురుగును శుద్ధిచేయు లోతులేని మడుగులను పలువురు చూచియుందురు. వానిలో సూక్ష్మజీవులు మలినమును తినును. వానికి వలసిన ప్రాణవాయువును ఎండలో నాచు ఊపిరివలె విడుచును. వెల లేని సేవ అది. కాని శుద్ధియైన నీటితోపాటు నాచుకూడ బయటికి పాఱి, దిగువ చెఱువులో చచ్చి కుళ్ళి, ఆ చెఱువునందలి ప్రాణవాయువును హరించును, చేపలు తేలును. ఆ నాచును ముందే తీసివేయుట నీటికి మేలు. ఇచ్చట ఇంధనము ఉపలాభము మాత్రమే. నత్రజని కొనలేదు, మడుగు క్రొత్తగ త్రవ్వలేదు, నీరు వృథాకాలేదు. ఇట్లు దొరకిన ముద్దను బొగ్గునుసితో కలిపి బిళ్ళలుచేసి, ఇటుకబట్టీలకు, చిన్న బాయిలర్లకు ఈయవచ్చును. చిన్నపొయ్యిలకు పొగవడపోత యంత్రములుండవు. బొగ్గు సగముకాలి మసిచేయునవి అవియే. మంటను పూర్తిగ కాల్చు గుణము అచ్చట అక్కఱకు వచ్చును.

రెండు హెచ్చరికలు మాత్రము చేయక తప్పదు. కార్ఖానాల మురుగు కలిసిన నీటిలో పెరిగిన నాచు సీసము, కాడ్మియము, పాదరసమువంటి లోహములను తన శరీరములో కూడబెట్టును. దానిని కాల్చినచో నీటిలోని విషమును గాలిలోనికి ఎక్కించినట్లగును. పాదరసము పొగగనే పోవును. కావున ఇండ్ల మురుగు వేఱు, కార్ఖానాల మురుగు వేఱుగ ఉన్న చోటనే ఈ పనికి పూనుకొనవలయును. రెండవది, చెఱువుపై సహజముగ తేలు నీలియాకుపచ్చని తెట్టెను చేతులతో తీసి ఎండబెట్టుట అపాయకరము. అందు కొన్నిజాతులు కాలేయమును చెఱచు విషమును పుట్టించును. పశువులు అట్టి నీరు త్రాగి చచ్చుట పలుదేశముల ఎఱుకలోని సంగతి.

మన ప్రాంతమున ఎవరైన ఇట్టి బిళ్ళలను పరీక్షకు తెచ్చినచో, వారిని అడుగవలసిన ప్రశ్నలు ఈపాటికి శ్రోతలకే తోచియుండును. నాచు ఏ నీటిలో పెరిగినది, దేనితో ఎండినది, పొగగొట్టమువద్ద గంధకముతోపాటు నత్రజని ఆక్సైడులనుకూడ కొలిచిరా, బాయిలరులో కొలిచిరా లేక గాజుగొట్టములో కొలిచిరా? 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణశాఖ బొగ్గు కేంద్రముల పొగలో గంధక, నత్రజని ఆక్సైడులకును, పాదరసమునకును తొలిసారిగ హద్దులు నిర్ణయించెను. 2025 లో గంధకపు హద్దునుండి చాల కేంద్రములను మినహాయించిరి. నత్రజని, పాదరసముల హద్దులు తొలగలేదు. నాచు కలుపుటలో పరీక్ష తేలవలసినది సరిగ ఆ రెండింటివద్దనే.

మిగిలినది బూడిద. నాచు మురుగునుండి పీల్చిన భాస్వరము మంటలో ఎగిరిపోదు, బూడిదలో నిలుచును. మన దేశము భాస్వరపు శిలను హెచ్చుగ విదేశములనుండియే కొనుచున్నది. నాచును ఒంటరిగ కాల్చినచో ఆ బూడిద చేనికి పనికివచ్చును. బొగ్గుతో కలిపి కాల్చిన పిమ్మట ఆ కొద్దిపాటి భాస్వరము బొగ్గుబూడిద గుట్టలో కలిసిపోవును; అందుండి దానిని తిరిగి ఏరుకొను మార్గము చౌకగ లేదు. ఇండ్లమురుగులో లోహములు లేవని తేలినచోట, నాచుముద్దను పొయ్యికి పంపుటకంటె కుళ్ళబెట్టి గ్యాసు తీసికొని, మిగిలిన మడ్డిని చేనికి వేయుట లాభమా యని కూడ లెక్కకట్టి చూడవలసియున్నది. తడియే అడ్డమైన మంటవలె కాక, ఆ పద్ధతికి నాచును ఎండబెట్టు పనియే లేదు.